తెల్లదుప్పటి మీద శలభాల లెక్క

చీకటి పడగానే రెండు చెట్ల మధ్య దండెం కట్టి తెల్లదుప్పటి వేలాడదీస్తారు. దాని ముందు అతినీలలోహిత కాంతి కూడా వెలువరించే మెర్క్యురీ దీపం పెడతారు. ఇక ఎదురుచూడటమే. ఏటా జూలైలో జరిగే మాత్ వీక్ సందర్భంగా మన దేశంలోనూ స్థానిక వన్యప్రాణి బృందాలు ఇలా కూర్చుంటాయి. 2012లో అమెరికాలో మొదలైన కార్యక్రమమిది.

వాన వెలిసిన రాత్రయితే ముందు ఉసిళ్లు ముసురుకుంటాయి. తర్వాత శలభాలు ఒక్కొక్కటిగా దుప్పటి మీద వాలతాయి. ఎండుటాకులా ఒకటి, చెట్టు బెరడులా ఇంకొకటి. ప్రపంచంలో సీతాకోకచిలుకలు సుమారు 18 వేల జాతులైతే శలభాలు లక్షన్నరకు పైనే. అయినా పేరు తెలిసినవి మనకెన్ని? మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి పట్టునిచ్చే పురుగు పెరిగి రెక్కలొస్తే శలభమే. ఆ దశలో అది ఏమీ తినదు.

ఇంతకీ దీపం దగ్గరకెందుకు వస్తాయి? చంద్రుడనుకుని వస్తాయన్నది పాత వివరణ. 2024లో ఇంపీరియల్ కాలేజ్ లండన్ తదితర సంస్థల పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో చిత్రించి చూస్తే, పురుగులు దీపం వైపు దూసుకుపోవడం లేదు, దానికి వీపు తిప్పుతున్నాయి. రాత్రయినా నేలకన్నా ఆకాశమే వెలుగుగా ఉంటుంది కదా. వెలుగు వైపు వీపు ఉంచితే పైనేదో కిందేదో తెలిసిపోతుంది. పక్కన దీపం వెలిగితే మాత్రం ఆ లెక్క తప్పుతుంది. శరీరం ఒరిగి దాని చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. దీపం మీదుగా వెళ్లినవి వెల్లకిలా తిరగబడి కింద పడతాయి. గన్నేరు ఆకులు తిని పెరిగే ఆకుపచ్చ శలభం ఒక మినహాయింపు. అది వీపు తిప్పకుండానే దీపం మీదుగా ఎగిరిపోయింది.

అంటే దుప్పటి మీదున్నవి ఇష్టపడి వచ్చిన అతిథులు కావు, దారి తప్పి చిక్కుకున్నవి. వీధిదీపం కింద తిరిగేవీ అంతే. ఆ సమయంలో జత కోసం వెతకాల్సినవి, గుడ్లు పెట్టాల్సినవి, రాత్రి పూసే పూలకు పుప్పొడి మోయాల్సినవి అక్కడే అలసిపోతాయి. కాబట్టి ఈ లెక్కకూ ఒక హద్దుండాలి. వారానికోసారి చాలు, రోజూ ఒకేచోట వద్దు. పురుగును పట్టుకోకుండా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తే సరిపోతుంది. దీపాన్ని నేరుగా చూస్తే కళ్లకు హాని కాబట్టి పిల్లలను దూరంగా కూర్చోబెట్టాలి.

ఫొటోలను చోటు, తేదీ వివరాలతో ‘మాత్స్ ఆఫ్ ఇండియా’, ‘ఐనాచురలిస్ట్’ వేదికలకు పంపవచ్చు. దీపం మాత్రం అర్ధరాత్రికే ఆర్పి, దుప్పటిని పొదల దగ్గర మెల్లగా దులపండి. తెల్లారేదాకా ఉంచితే పిట్టలకు విందే.