ఓటీజీలో కింది రాడ్లు వేడెక్కట్లేదా? కొత్తది కొనే ముందు ఒకసారి కొలిచి చూడండి

మా అమ్మ ఇంట్లోనే కేకులు చేసి అపార్ట్‌మెంట్‌లో వాళ్లకి అమ్ముతుంది. పోయిన నెల ఓ గురువారం ఓవెన్‌లోంచి కేక్ తీస్తే పైన మాడిపోయింది, అడుగున మాత్రం పచ్చి పిండి. "ఒరేయ్, ఆదివారం పుట్టినరోజు ఆర్డర్ ఉందిరా, వాళ్లకి ఏం చెప్పను?" అంది. మాది 1200 వాట్ల మామూలు ఓటీజీ, కొని నాలుగేళ్లయింది. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే వచ్చి చూడకుండానే, "రాడ్ పోయుంటుంది సార్, ఆ మోడల్‌కి పార్ట్స్ రావట్లేదు, కొత్త ఓవెన్ తీసుకోండి" అన్నారు.

రాడ్ పోయిందన్న మాట నేనూ నమ్మేశాను. శుక్రవారం ఆఫీసు నుంచి తొందరగా బయటపడి, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 450 రూపాయలు పెట్టి ఓ రాడ్ తెచ్చాను. ఆఫీసులో ఎవరైనా లాగ్స్ చూడకుండా కోడ్ మారిస్తే కోప్పడేది నేనే. ఇక్కడ చేసింది అదే పని.

శనివారం పొద్దున ప్లగ్ పీకేసి, ఓవెన్ పూర్తిగా చల్లారాక వెనక, పక్క కవర్లు విప్పాను. వైర్లు ముట్టుకునే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నా. మీరూ అదే చేయండి. (మైక్రోవేవ్ మాత్రం ఇలా విప్పొద్దు. అందులో కెపాసిటర్ ప్లగ్ పీకేశాక కూడా వేల వోల్టుల ఛార్జ్ పట్టుకుని ఉండొచ్చు.)

ముందు బుర్రతో చేసే పని ఒకటుంది. పై రాడ్లు బాగానే వేడెక్కుతున్నాయి. అంటే రెండింటికీ కామన్‌గా ఉండే ప్లగ్, టైమర్, థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజ్ అన్నీ ఓకే. తప్పు సెలెక్టర్ స్విచ్ దగ్గర్నుంచి కింది రాడ్ల వరకే ఉండాలి. మా దాంట్లో కింది రాడ్లు రెండూ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి మధ్యలో ఎక్కడ తెగినా రెండూ చల్లబడతాయి.

ఇప్పుడు మల్టీమీటర్. కింది జత 600 వాట్లు అనుకుంటే, 230 వోల్టుల స్క్వేర్‌ని 600తో భాగిస్తే 88 ఓమ్స్ వస్తుంది. ఒక్కో రాడ్‌కి 44. వైర్లు విడదీసి కొలిస్తే ఒకటి 43, ఇంకోటి 44 చూపించింది. రెండు రాడ్లూ శుభ్రంగా ఉన్నాయి! తెచ్చిన కొత్త రాడ్ వైపు చూసి నాకే నవ్వొచ్చింది.

సెలెక్టర్ స్విచ్ వెనక టార్చ్ వేసి చూస్తే అసలు విషయం తెలిసింది. కింది రాడ్లకి వెళ్లే వైరు లగ్ నల్లగా మాడి, వేలితో కదిపితే ఊగుతోంది. ఆ వైర్లో పారేది 2.6 ఆంప్స్. లూజు వల్ల అక్కడ ఒక్క ఓమ్ రెసిస్టెన్స్ పెరిగినా చాలు, గోరంత చోట దాదాపు 7 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి లోహం తుప్పులా మారుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి కాంటాక్టే పోతుంది.

మాడిన ముక్క కత్తిరించి, రాగి మెరిసే దాకా వైరు వెనక్కి ఒలిచి, వేడి తట్టుకునే నికెల్ పూత లగ్ క్రింప్ చేశాను. పైన ఫైబర్‌గ్లాస్ స్లీవ్ వేశా. ఇక్కడ సోల్డరింగ్ వద్దు. మామూలు లెడ్ సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది. స్విచ్ పిన్ని సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్దితే మెరిసింది. అది కూడా కాలిపోయి ఉంటే స్విచ్చే మార్చాల్సి వచ్చేది.

కవర్లు బిగించి, ప్లగ్ పెట్టేద్దాం అనుకుంటూనే, ఎందుకో ప్లగ్‌లోని లావు పిన్నుకీ, ఓవెన్ బాడీకీ మధ్య మీటర్ పెట్టాను. బీప్ రాలేదు. గుండె ఆగినంత పనైంది. పక్క కవర్ విప్పేటప్పుడు ఎర్త్ వైరు స్క్రూ తీసి పక్కన పెట్టి, మళ్లీ బిగించడం మర్చిపోయాను. ఎర్త్ లేకుండా కూడా ఓవెన్ చక్కగా పనిచేస్తుంది, అదే ప్రమాదం. ఎప్పుడైనా ఫేజ్ వైరు బాడీకి తగిలితే, అమ్మ తడి చేత్తో తలుపు తీసినప్పుడే తెలిసేది. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉన్నా, అది కట్ అయ్యేది కరెంటు మనిషి గుండా పారడం మొదలయ్యాకే.

మళ్లీ విప్పి, ఎర్త్ బిగించి కొలిచాను. అర ఓమ్ కంటే తక్కువ. ఫేజ్, న్యూట్రల్ పిన్నుల నుంచి బాడీకి మాత్రం మీటర్ అసలు రీడింగే చూపించలేదు, అలాగే ఉండాలి. మామూలు మీటర్ చిన్న బ్యాటరీతో కొలుస్తుంది కాబట్టి ఇన్సులేషన్‌కి ఇది పక్కా టెస్ట్ కాదు, దానికి మెగ్గర్ కావాలి. ప్లగ్ పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోతే మాత్రం మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

16 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి ఇరవై నిమిషాలు ఖాళీగా నడిపాను. కింది రాడ్లు రెండూ ఎర్రబడ్డాయి. రాత్రికి అమ్మ ఇంకో ట్రయల్ కేక్ చేసింది, అడుగు గోధుమ రంగులో వచ్చింది. ఆదివారం ఆర్డర్ టైముకే వెళ్లింది.

ఆ 450 రూపాయల రాడ్ ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది. తర్వాత కొలిచి చూస్తే, మా ఓవెన్‌కి అది అర అంగుళం పొడవెక్కువ.