తోతాపురి గుజ్జు లెక్క

2025 జూన్‌లో తోతాపురి మామిడి రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన సీజన్ అది. జ్యూస్ సీసా ధర తగ్గనప్పుడు కాయ ధర ఎందుకు పడింది? శాంతిపురం రైతుకైనా, పుంగనూరు రైతుకైనా ఈ అనుమానం రావడం న్యాయమే. జవాబు కోసం ఫ్యాక్టరీ లోపలికి వెళ్లాలి.

ర్యాంపు (కాయ కొనే కేంద్రం) నుంచి వచ్చిన కాయను ముందు కొన్నాళ్లు మాగబెడతారు. తర్వాత కడగడం, కుళ్లినవి ఏరెయ్యడం, తొక్కా టెంకా తీసి గుజ్జు జల్లెడ పట్టడం, ఆవిరి వేడితో క్రిములను చంపడం, చల్లార్చి గాలి చొరని సంచిలో నింపడం. 200 కిలోలకు పైగా పట్టే ఆ సంచిని డ్రమ్ములో పెడితే ఫ్రిజ్ లేకుండానే ఏడాదికి పైగా నిలవుంటుంది. ఈ వరసలో ఏ యంత్రం అన్నిటికన్నా నెమ్మదో, దాని వేగమే ఫ్యాక్టరీ వేగం. గంటకు 5 టన్నులు వేడిచేసే యంత్రానికి ముందు 10 టన్నులు తీసే యంత్రం పెడితే మధ్యలో గుజ్జు పులిసిపోతుంది తప్ప డ్రమ్ములు పెరగవు. తోటలన్నీ ఒకేసారి కోతకొచ్చినప్పుడు గేటు ముందు వరస పెరగడానికి ఇదొక కారణం.

ఇక ఖర్చు. కింద వేసేవి లెక్క అర్థం కావడానికి ఊహించుకున్న అంకెలు. ఏ ఫ్యాక్టరీ పద్దులోవీ కావు.

కాయలో సుమారు సగం తొక్కకూ టెంకకూ పీచుకూ పోతుందనుకుందాం. కిలో 8 రూపాయలకు కొంటే కిలో గుజ్జులో కాయ ఖర్చే 16 అవుతుంది. అదే ఫ్యాక్టరీ నూటికి 50 బదులు 55 కిలోల గుజ్జు రాబడితే ఆ ఖర్చు 14 రూపాయల 55 పైసలకు దిగుతుంది. వెయ్యి టన్నుల గుజ్జు మీద మిగులు 14 లక్షల పైమాటే. ముదరని కాయనూ దెబ్బతిన్న కాయనూ గేటు దగ్గర వెనక్కి పంపడానికి మూలం ఇక్కడుంది. కాయ, కూలి, బాయిలర్ కట్టెలు, సంచి, డ్రమ్ము: ఇవన్నీ సరుకు ఎంత తీస్తే అంత పెరిగే ఖర్చులు.

రెండో రకం వేరు. బ్యాంకు వడ్డీ, యంత్రాల అరుగుదల, ఏడాది పొడుగునా ఉండే సిబ్బంది జీతాలు, కరెంటు కనెక్షన్ కనీస చార్జీ. మిషన్ తిరిగినా ఆగినా ఇవి కట్టాల్సిందే. తోతాపురి సీజన్ రెండు నెలలకు అటూ ఇటూ. ఖర్చు పన్నెండు నెలలది. ఏటా 2 కోట్లు ఇలా పోతుందనుకోండి. 4,000 టన్నులు తీస్తే కిలోకు 5 రూపాయలు పడుతుంది. 2,000 టన్నులే తీస్తే 10. ఆ అదనపు 5 రూపాయలు కాయ ధర కిలోకు రెండున్నర పెరిగినంత దెబ్బ. కాయ ధర మీద జరిగే గొడవ అందరికీ తెలుస్తుంది. సగం రోజులు ఖాళీగా నిలబడ్డ యంత్రం తినేది యజమానికి తప్ప ఎవరికీ కనబడదు.

మూడోది గోడౌన్‌లో దాక్కుంటుంది. అమ్ముడుపోని గుజ్జు కిలో విలువ 40, వడ్డీ ఏడాదికి నూటికి 10 అయితే, డ్రమ్ము ఏడాది కదలకుండా కూర్చున్నందుకే కిలోకు 4 రూపాయలు పోయినట్టు. నిరుటి నిల్వ మిగిలిన ఫ్యాక్టరీ ఈ ఏడు కాయ కొనడానికి వెనకాడేది అందుకే. విదేశీ ఆర్డర్లు తగ్గితే ఆ భారం మరుసటి ఏడాది తోట మీద పడుతుంది.

ఈ ఖర్చులతో నష్టం వస్తున్నా కొన్ని ఫ్యాక్టరీలు ఎందుకు నడుస్తాయి? గుజ్జు ధర మొదటి రకం ఖర్చులకు పోగా రూపాయి మిగిల్చినా, ఆ రూపాయి వడ్డీలో కొంత తీరుస్తుంది. మూసేస్తే అదీ రాదు. ధర ఆ ఖర్చుల కంటే కిందికి జారితే మాత్రం తీసిన ప్రతి డ్రమ్మూ నష్టాన్ని పెంచుతుంది. అప్పుడు గేటు పడుతుంది.

ఖాళీ నెలల్లో జామ, బొప్పాయి ఆడించి భారం పంచుకోవడం ఒక దారి. మరి మదనపల్లె టమాటా? పక్కనే అంత పెద్ద మార్కెట్ ఉంది కదా అని చాలామంది అంటారు. టమాటాలో నూటికి దాదాపు 95 వంతులు నీళ్లే. చిక్కటి పేస్టు కిలో కావాలంటే ఆరు కిలోల దాకా పండు కావాలి, ఆ నీళ్లన్నీ ఇంధనం కాల్చి ఇగర్చాలి. పైగా మన తోటల్లో పండేది ఎక్కువగా కూరకు, దూరం లారీలకు పనికొచ్చే గట్టి రకం. చిక్కదనం కోసం పెంచింది కాదు. వీటికి మించిన చిక్కు ధరది. రోడ్డు పక్కన పారబోసే ధరను చూసి ఫ్యాక్టరీ పెట్టాలనిపిస్తుంది. 2023 జూలై ఆఖరులో మదనపల్లెలో కిలో 150 దాటింది. ఆ ధరకు కొంటే కిలో పేస్టులో పండు ఖర్చే 900 అవుతుంది. కొనకపోతే వడ్డీ నడుస్తూనే ఉంటుంది. టమాటా ఫ్యాక్టరీ అడిగే సంఘాలు ముందుగా తేల్చుకోవాల్సింది యంత్రం ధర కాదు, ధర పెరిగిన నెలల్లో కూడా ఒప్పుకున్న రేటుకు పండు తోలే రైతులు ఎందరున్నారన్నది.