పాత ట్రాక్టర్ సెల్ఫ్ తిరగట్లేదా? ముందు ఎర్త్ చూడండి

తొలకరి పడ్డది, నవధాన్యాలు చల్లాలె. హయత్‌నగర్‌లో మా పాత మహీంద్రా బి-275 సెల్ఫ్ కొడితే ‘టక్’ అని ఊరుకుంది. సెల్ఫ్ మోటారే మార్చాలన్నాడు మెకానిక్.

ముందు మీటర్ పెట్టి చూసిన. సెల్ఫ్ కొడుతున్నా బ్యాటరీ 12 వోల్టుల నుంచి దిగలేదు, అంటే కరెంటు మోటారు దాకా పోవట్లేదు. బ్యాటరీ మైనస్‌కు, ఇంజన్‌కు మధ్య 6 వోల్టులు చూపింది. అక్కడ అర వోల్టు దాటొద్దు. ఎర్త్ వైరు బోల్టు కింద అంతా తుప్పు, పాత పెయింటు! సాండ్‌పేపర్‌తో మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాసిన.

ఒక్క మాట: గేరు న్యూట్రల్‌లో పెట్టి, సీట్లో కూర్చునే సెల్ఫ్ కొట్టండి. చాలామంది కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తరు. గేర్లో ఉంటే బండి మీదికే వస్తది.

మీటర్ ఎక్కడ పెట్టాలో వీడియోలో చూపించిన. మా బండి మొదటి కొట్టుడుకే అందుకుంది, సాయంత్రానికి రెండెకరాల్లో నవధాన్యాలు పడ్డయి.