కొనే పూచీ ఎవరిది?

కోతలు మొదలైతే కామారెడ్డి జిల్లా ఊళ్లలో పాత వాదన మళ్లీ లేస్తుంది. వడ్లన్నీ సర్కారే కొనాలి, బయటి కొనుగోళ్లకు కట్టడి ఉండాలి అని కొందరు రైతులు అంటారు. పండించినవాడిదే పంట, ఎక్కువిచ్చినోళ్లకు అమ్ముకుంటాడు, మధ్యలో సర్కారు పెత్తనమెందుకని ఇంకొందరు అడుగుతారు. దీన్ని పార్టీల తగాదాగా కొట్టేయడం తేలిక. నేలనూ నీళ్లనూ చూస్తే అసలు మూలం కనిపిస్తుంది. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో కాలువ పారే మడులు వరికి అలవాటు పడ్డాయి. అక్కడి రైతుకు వడ్లు కొనే నాథుడు లేకపోతే పంటకాలమంతా మట్టిపాలే. మాచారెడ్డి, గాంధారి, సదాశివనగర్ వైపు బోరును నమ్ముకున్న రైతు మక్కలు వేస్తాడు. మక్కలకు గిరాకీ కోళ్ల దాణా వాళ్ల నుంచి వస్తుంది, వాళ్ల అవసరాన్ని బట్టి ధర ఎగుస్తుంది, పడుతుంది. ధర ఎగిసిన ఏడు ఆ లాభం తన ఇంటికే రావాలని ఆయన కోరడం న్యాయం. నేను చెప్పదలచింది ఒకటే. కొనడం సర్కారు బాధ్యతగా ఉండాలి, అమ్మడం రైతు ఇష్టంగానే ఉండాలి. మొదటిది గట్టిగా నిలబడకపోతే రెండోది పేరుకే మిగులుతుంది.

నిర్బంధ అమ్మకం ఈ నేలకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం ధాన్యం లెవీ పెట్టింది. ఇంత భూమికి ఇంత ధాన్యం అని లెక్క కట్టి, సర్కారు చెప్పిన ధరకు వసూలు చేసింది. కాగితం మీద ఆ లెక్క అందరికీ ఒకటే. వసూలు మాత్రం చిన్న రైతు గాదె దగ్గరే గట్టిగా జరిగింది. గ్రామాధికారం చేతిలో ఉన్న దేశ్‌ముఖ్‌లు, పటేళ్లు తప్పించుకోగలిగారు, తిండిగింజలు కూడా మిగలని ఇళ్ల మీద భారం పడింది. ఆంధ్ర మహాసభ లెవీని ఎదిరించడానికి, తెలంగాణ సాయుధ పోరాటంలో అది ఒక కారణం కావడానికి మూలం ఇదే. అందుకే "అందరూ సర్కారుకే అమ్మాలి" అన్న మాట ఎంత మంచి ఉద్దేశంతో అన్నా, అమలు ఎవరి చేతిలో ఉంటుందన్నది ముందు అడగాలి. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన మిల్లర్ల లెవీలో నిర్బంధం రైతు మీద లేదు, మిల్లు మీద ఉంది. మిల్లరు ఆడించిన బియ్యంలో కొంత వాటా ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. మిల్లరు రైతుకు మద్దతు ధర ఇచ్చాడా లేదా అని ఊరూరా నిలబడి చూసేవాళ్లే కరువయ్యారు. 2015 అక్టోబరు నుంచి కేంద్రం ఆ పద్ధతిని ఎత్తేసింది.

మరి స్వేచ్ఛా మార్కెట్టులో రైతు నిజంగా స్వేచ్ఛగా ఉన్నాడా? విత్తనం, మందు బస్తాలు అప్పుగా తెచ్చిన చోటే పంట అమ్మాలన్న ఒప్పందం ఏ చట్టంలోనూ రాసి ఉండదు, అయినా చట్టం కంటే గట్టిగా అమలవుతుంది. నిల్వ చేయడానికి జాగా లేదు, ఆరబెట్టడానికి కల్లం లేదు, హార్వెస్టరుకు కిరాయి వెంటనే కట్టాలి. ఇన్ని అవసరాలు మెడ మీద ఉన్న మనిషి ధర బేరమాడలేడు. బీహార్ 2006లోనే మార్కెట్ కమిటీల చట్టాన్ని రద్దు చేసింది. కట్టడి పోతే పోటీ వచ్చి ధర పెరుగుతుందన్నారు. ఆ తర్వాత కూడా అక్కడి చిన్న రైతులు మద్దతు ధర కంటే తక్కువకు వడ్లు వదులుకుంటూనే వచ్చారు. కట్టడి తీసేసినంత మాత్రాన కొనేవాళ్లు పుట్టుకురారు.

2020 నుంచి 2022 దాకా తెలంగాణ రైతు ఈ రెండు దారులనూ వెంటవెంటనే చూశాడు. 2020 మేలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు అంది. వానాకాలంలో మక్కలు వేయొద్దు, చెప్పిన పంట వేయనివాళ్లకు రైతుబంధు పెట్టుబడి సాయం ఉండదు అని హెచ్చరించింది. ఆ అక్టోబరులో మక్కల మద్దతు ధర క్వింటాలుకు 1,850 రూపాయలుంటే బయట అంత పలకలేదు. రైతులు రోడ్డెక్కాక రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ కొంటుందని ప్రకటించారు. డిసెంబరు నెలాఖరుకు గాలి పూర్తిగా మళ్లింది. ఏ పంట వేసుకోవాలో రైతు ఇష్టం, ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు ఇక ఉండవు, కొనుగోళ్లలో సుమారు 7,500 కోట్లు నష్టం వచ్చిందని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అప్పటికి కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల మీద ఢిల్లీ సరిహద్దుల్లో ఆందోళన నడుస్తోంది. కొన్ని నెలలకే యాసంగి వడ్ల కోసం కొనుగోలు కేంద్రాలు మళ్లీ తెరవాల్సి వచ్చింది. 2021 చివర్లో ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం, అలాగైతే యాసంగి కొనుగోలు కేంద్రాలు పెట్టబోమని రాష్ట్రం భీష్మించాయి. యాసంగి ఎండకు వడ్లు పచ్చిబియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది, అందుకే ఉప్పుడు బియ్యం పేచీ అంత ముదిరింది. చివరికి 2022 ఏప్రిల్ 12న రాష్ట్రమే కొంటానంది. ఆ మాట నాట్ల ముందు చెప్పి ఉంటే పొలం పడావు పెట్టినవాళ్లు పెట్టేవాళ్లు కాదు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు మాట మారిస్తే రైతుకు దిక్కుండదని ఈ రెండేళ్లు చూపించాయి. నిర్బంధ అమ్మకాన్ని నేను ఒప్పుకోకపోవడానికి నైజాం లెవీ కంటే ఇదే పెద్ద కారణం.

ఇప్పుడు కాంటా దగ్గరికి వెళ్దాం, తగాదా అసలు తేలేది అక్కడే. వడ్లు కొనుగోలు కేంద్రంలో పోస్తారు. తేమ 17 శాతం లోపు రావాలి. రాకపోతే పరదాల మీద ఆరబోసి, సాయంత్రం కుప్ప చేసి, రాత్రి కాపలా కాయాలి. తేమ కుదిరితే గన్నీ సంచులు రావు, సంచులొస్తే హమాలీలు దొరకరు, కాంటా అయితే లారీ రాదు. లారీ మిల్లుకు చేరాక తాలు ఉందని, తేమ ఉందని మళ్లీ తరుగు. 2021 నవంబరులో లింగంపేట కేంద్రంలో ఈ ఎదురుచూపుల్లోనే ఒక రైతు వడ్ల కుప్ప మీద ప్రాణం విడిచాడు. తరుగు సంగతి చిన్న లెక్కతో చూడండి. 40 కిలోల సంచికి 2 కిలోలు కోస్తే అది 5 శాతం. 2025-26లో ‘ఏ’ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 5 శాతం పోతే రైతు చేతికొచ్చేది సుమారు 2,270. అంటే కల్లంలోనే పచ్చి వడ్లకు రొక్కమిచ్చే సేటు 2,270 దాకా కూడా రానక్కర్లేదు, రోజుల తరబడి కాపలా తప్పుతుంది గనుక అంతకంటే తక్కువకే రైతు తలూపుతాడు. బయటి ధర గాలిలోంచి పుట్టదు. కేంద్రంలో చేతికొచ్చే అసలు ధరను బట్టే అది నిలుస్తుంది. కాంటాలో పోయిన ప్రతి కిలో, కేంద్రం గడప తొక్కని రైతు ధరనూ తగ్గిస్తుంది. సర్కారు కొనుగోలు నాకెందుకనే రైతు కూడా ఈ లెక్కను దాటిపోలేడు.

దీనికి గట్టి అభ్యంతరమొకటి ఉంది. ఇష్టమున్నవాళ్లే అమ్మే ఏర్పాటు నిలవదని కెనడా రైతులు చాలామంది వాదించారు. అక్కడ గోధుమ బోర్డుకే అమ్మాలన్న నిబంధన 1943 నుంచి ఉండేది. అందరి గోధుమలూ ఒక్క చేతిమీదుగా అమ్మి, వచ్చిన రాబడిని పంచేవారు. ధర పెరిగిన ఏడు కొందరు బయటికి పోతే, పడిన ఏడు తిరిగొస్తే, ఉన్నవాళ్లే మునుగుతారు. ఆ భయం నిజమైనదే. 2011లో బోర్డే జరిపిన ఓటింగులో పాల్గొన్న గోధుమ రైతుల్లో 62 శాతం నిబంధన ఉంచమన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, 2012 ఆగస్టు 1 నుంచి అది పోయింది. కానీ మన కొనుగోలు అలాంటి ఉమ్మడి సంచి కాదు. రైతు రాబడిని రైతులకు పంచడం లేదు. రేషన్ బియ్యం కోసం ఖజానా డబ్బుతో కొంటున్నారు. మంచి ధర వచ్చిన ఏడు రైతులు బయట అమ్ముకుంటే పక్క రైతు వాటా తగ్గదు, ఖజానాకు భారమే తగ్గుతుంది. మన దేశంలోనూ రైతు నాయకులు ఈ విషయంలో ఒక్క మాట మీద లేరు. 1990ల మొదట్లో వ్యవసాయాన్ని ప్రపంచ మార్కెట్టుకు తెరిచే డంకెల్ ప్రతిపాదనలను శరద్ జోషి సమర్థిస్తే, కర్ణాటకలో నంజుండస్వామి వాటిని ఎదిరించారు. ఇద్దరి వెనకా నడిచినవాళ్లు రైతులే.

సర్కారు కొంటుంటే అందరూ వరే వేస్తారు, నీళ్లూ కరెంటూ ఖర్చవుతాయి, ఖజానా మోయలేదు అనే మాటలోనూ బరువుంది. దానికి జవాబు కొనుగోలు మానేయడం కాదు, మక్కలకూ సోయాకూ అంతే నమ్మకమైన కొనుగోలు ఉంచడం. ధర చూపిస్తే రైతు తనంతట తానే వస్తాడనడానికి సన్న వడ్లే సాక్ష్యం. 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ ఇచ్చారు. ఏ నిర్బంధమూ లేకుండానే సన్నాలు కేంద్రాలకు వచ్చాయి.

నిర్బంధానికి కొంత సమర్థన ఉన్న పంట ఈ జిల్లాలో చెరకు ఒక్కటే. కోసిన చెరకు ఆగదు, బరువూ తీపీ తగ్గిపోతాయి, ఫ్యాక్టరీకి రోజూ సరుకు కావాలి. అందుకే ఫలానా ఊళ్ల చెరకు ఫలానా ఫ్యాక్టరీకని కేటాయిస్తారు. అయితే అక్కడ కొనేవాడి మెడకూ ఒక తాడుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. వడ్ల రైతుకు నిర్బంధం అక్కర్లేదు, ఆ వడ్డీ నిబంధన మాత్రం కావాలి. కాంటా అయిన రోజు నుంచే లెక్క మొదలవ్వాలి. కాంటా మీద రాసిన బరువే చివరి బరువు కావాలి, మిల్లులో మళ్లీ కోతకు రైతును బాధ్యుణ్ని చేయకూడదు. ఏ పంట, ఏ రకం, ఎంత ధరకు కొంటారన్నది నాట్లకు ముందే గ్రామ పంచాయతీ గోడ మీద కనపడాలి.