ప్లేనో నగరం, కదిలే సరిహద్దులు: మూడవ కాంగ్రెస్ నియోజకవర్గం కథ

మన పూర్వులు ఓడలెక్కి వెళ్ళిన దేశాలలో ఓటు హక్కు అంత సులభంగా చేతికి రాలేదు. నేటాల్‌లో 1896 నాటి చట్టం భారతీయులు క్రొత్తగా ఓటర్ల జాబితాలో చేరకుండా అడ్డుపడినది. దక్షిణాఫ్రికాలో అందరితో సమానమైన ఓటు 1994లో గాని లభించలేదు. మారిషస్‌లో 1948 ఎన్నికల నాటికి, ద్వీపంలో వాడుకలో ఉన్న భాషలలో ఏదో ఒకదానిలో చదవను, వ్రాయను వచ్చిన వయోజనులకు ఓటు దక్కినది. అక్షరం నేర్చినవారికి ఓటు లభించిన కాలమది.

నేడు తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన ప్రాంతాలలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఒకటి. అక్కడి కాలిన్ కౌంటీలోని ప్లేనో నగరంలో ఓటు హక్కు గురించి వాదం లేదు. అక్కడ ప్రశ్న వేరు. మన ఓటు ఏ గీతకు ఇవతల పడుతున్నది? ఆ గీతను ఎవరు గీస్తున్నారు? ఈ వ్యాసంలో ఆ సంగతి వివరిస్తాను.

నియోజకవర్గం అనగా ఏమి?

నియోజకుడు అనగా ఒకరిని ఒక పనికి నియమించేవాడు. అట్టివారి సమూహమే నియోజకవర్గం. ఈ మాటలో భూమి లేదు, మనుషులున్నారు. ఇది గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

దక్షిణాఫ్రికాలోని మనవారు జాతీయ ఎన్నికలలో పార్టీల జాబితాలకు ఓటు వేస్తారు గనుక వారికి ఈ మాట కొంత క్రొత్తగా తోచవచ్చును. మారిషస్ ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు ఉన్నవి. ఒక్కొక్కదాని నుండి ముగ్గురు సభ్యులు ఎన్నికవుతారు. ప్లేనోలో ఒక్కొక్క నియోజకవర్గానికి ఒక్కరే ప్రతినిధి. అయితే ప్రతి ఓటరూ ఒకేసారి మూడు నియోజకవర్గాలకు చెందినవాడై ఉంటాడు. మొదటిది అమెరికా కాంగ్రెస్ దిగువ సభకు; అందులో టెక్సస్‌కు 38 స్థానాలు. రెండవది 31 స్థానాల టెక్సస్ సెనేట్‌కు. మూడవది 150 స్థానాల టెక్సస్ ప్రతినిధుల సభకు.

అమెరికాలో పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీస్తారు. ఆ లెక్కల పిమ్మట, నియోజకవర్గాలలో జనాభా సమానంగా ఉండేటట్లు సరిహద్దులను మరల గీస్తారు. దీనినే పునర్విభజన అంటారు. 2020 లెక్కల ప్రకారం టెక్సస్‌లో ఒక కాంగ్రెస్ నియోజకవర్గానికి 7,66,987 మంది ఉండాలి.

సంఖ్య నిలిచినది, నేల మారినది

1960లో ప్లేనో జనాభా 3,695 మాత్రమే. అప్పుడది ఒక చిన్న వ్యవసాయ పట్టణం. కాలిన్ కౌంటీ అప్పట్లో నాల్గవ కాంగ్రెస్ నియోజకవర్గంలో ఉండేది. 1913 నుండి 1961లో మరణించే వరకు అక్కడి ప్రతినిధి శామ్ రేబర్న్. మొత్తం మీద పదిహేడేండ్లు దిగువ సభకు సభాపతిగా ఉన్న నాయకుడాయన.

ఆ రోజులలో మూడవ నియోజకవర్గం ప్లేనోకు చాలా దూరంగా, తూర్పు టెక్సస్‌లోని టైలర్, లాంగ్‌వ్యూ పట్టణాల ప్రాంతంలో ఉండేది. లిండ్లీ బెక్‌వర్త్ అనేక సంవత్సరాలు దానికి ప్రతినిధి. 1964లో అమెరికా సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రంలోని కాంగ్రెస్ నియోజకవర్గాలు జనాభాలో వీలైనంత సమానంగా ఉండాలని తీర్పు ఇచ్చినది. అంతకుముందు పల్లె ప్రాంతాల ఓటుకు బరువు ఎక్కువ, నగరాల ఓటుకు తక్కువ. తీర్పు తరువాత టెక్సస్ తన పటాన్ని మరల గీసినది. 1967 నుండి మూడవ సంఖ్య డల్లాస్ ప్రాంతానికి వచ్చినది. పేరు అదే, సంఖ్య అదే. క్రింది నేల మాత్రం పూర్తిగా వేరు.

ఆ తరువాత ప్లేనో వేగంగా పెరిగినది. 1970లో 17,872 మంది, 1980లో 72,331, 2000లో 2,22,030, 2020లో 2,85,494. జనం ఉత్తరానికి సాగినకొద్దీ మూడవ నియోజకవర్గం కూడా డల్లాస్ నుండి కాలిన్ కౌంటీ వైపు జరిగినది. 1968లో జేమ్స్ కాలిన్స్, 1983లో స్టీవ్ బార్ట్‌లెట్ దానికి ప్రతినిధులైనారు. 1991 ఉపఎన్నికలో శామ్ జాన్సన్ గెలిచినాడు. వియత్నాం యుద్ధంలో దాదాపు ఏడేండ్లు బందీగా ఉన్న విమానదళ అధికారి ఆయన. 2019 ఆరంభం వరకు ఆయనే ప్రతినిధి. 2012 ఎన్నికల నాటికి ఈ నియోజకవర్గం పూర్తిగా కాలిన్ కౌంటీలోనే ఇమిడిపోయినది. జాన్సన్ తరువాత వాన్ టేలర్ వచ్చినాడు.

2021లో ఏమి జరిగినది?

2010లో 7,82,341 ఉన్న కాలిన్ కౌంటీ జనాభా 2020 నాటికి 10,64,465కు చేరినది. ఇంతమంది ఒక్క నియోజకవర్గంలో పట్టరు. కనుక కౌంటీని ఎక్కడో ఒకచోట కోయక తప్పదు. ఇంతవరకు ఇది లెక్క. ఎక్కడ కోయాలన్నది మాత్రం లెక్క కాదు, నిర్ణయం.

2021లో టెక్సస్ శాసనసభ ఆ నిర్ణయం చేసినది. మూడవ నియోజకవర్గానికి తూర్పున ఉన్న గ్రామీణ హంట్ కౌంటీని కలిపినారు. ప్లేనో, ఫ్రిస్కో నగరాలలో ఆసియా మూలాలవారు అధికంగా నివసించే కొన్ని భాగాలను నాల్గవ నియోజకవర్గంలో చేర్చినారు. అది ఓక్లహోమా సరిహద్దును ఆనుకొని ఉన్న గ్రామీణ కౌంటీల వరకు సాగుతుంది. రేబర్న్ కాలం నాటి సంఖ్య ప్లేనోలో కొంత భాగానికి ఈ విధంగా తిరిగి వచ్చినది.

దీని ఫలితం సామాన్యులకు ఎట్లుంటుంది? ఒకే బడికి పిల్లలను పంపే, ఒకే ఆలయంలో దీపం వెలిగించే రెండు కుటుంబాలకు ఇద్దరు వేర్వేరు ప్రతినిధులు. ఒక సమస్య మీద ఇరువురూ కలిసి ఒకే తలుపు తట్టలేరు. ప్లేనో జనాభాలో ఐదింట ఒక వంతుకు పైగా ఆసియా మూలాలవారే. గుప్పెడు గింజలు ఒకే కుంచంలో పోస్తే కనబడతాయి; రెండు పెద్ద గాదెలలో చల్లితే కనబడవు. ఓట్లను ఈ విధంగా చెదరగొట్టినారని పౌరహక్కుల సంస్థలు న్యాయస్థానానికి వెళ్ళినవి. జాతిని చూడకుండానే పటం గీశామని దానిని రూపొందించిన శాసనసభ్యులు చెప్పినారు.

2022 ఎన్నికలలో వాన్ టేలర్ తన పార్టీ లోపలి పోటీ నుండి తప్పుకున్నాడు. 2023 జనవరి నుండి మూడవ నియోజకవర్గానికి కీత్ సెల్ఫ్ ప్రతినిధి. నాల్గవ దానికి పాట్ ఫాలన్ 2021 నుండి ప్రతినిధి.

రాష్ట్ర సభలో డెబ్బదవ నియోజకవర్గం

టెక్సస్ ప్రతినిధుల సభలోనూ ఇట్టిదే ఒక ఉదాహరణ ఉన్నది. డెబ్బదవ నియోజకవర్గం పూర్వం మకినీ పట్టణం, కాలిన్ కౌంటీ ఉత్తర భాగాలలో ఉండేది. 2003 నుండి కెన్ పాక్స్‌టన్, 2013 నుండి స్కాట్ శాన్‌ఫర్డ్ ప్రతినిధులు. ఇరువురూ రిపబ్లికన్ పార్టీవారు. 2021లో ఆ సంఖ్యను దక్షిణానికి, ప్లేనో వైపు తెచ్చినారు. 2022లో అక్కడ డెమోక్రటిక్ పార్టీకి చెందిన మిహాయెలా ప్లేసా స్వల్ప ఆధిక్యంతో గెలిచినది. ఓటర్లు మనసు మార్చుకున్నారని పైకి కనబడుతుంది. నిజానికి ముందు మారినది గీత.

గీసేవారు ఎవరు?

భారతదేశంలో ఈ పని డీలిమిటేషన్ కమిషన్ చేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 ఎన్నికలు అట్లు మార్చిన సరిహద్దులతోనే జరిగినవి. మారిషస్‌లో కూడా ఇందుకు ఒక సంఘం ఉన్నది. టెక్సస్‌లో మాత్రం శాసనసభే గీస్తుంది, గవర్నర్ సంతకం చేస్తాడు. అనగా ఓటర్లు ప్రతినిధులను ఎన్నుకుంటారు. ఆ ప్రతినిధులే ఓటర్లను విభజిస్తారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా పద్ధతి ఇదే.

పదేండ్లు ఆగాలనే నియమం కూడా గట్టిది కాదు. 2003లో టెక్సస్ నడుమనే కాంగ్రెస్ పటాన్ని మార్చినది. 2025 ఆగస్టులో మరల మార్చినది. నవంబరులో దిగువ న్యాయస్థానం దానిని ఆపినది. డిసెంబరులో సుప్రీంకోర్టు 2026 ఎన్నికలకు దానిని వాడుకొనుటకు అనుమతించినది.

కనుక ప్లేనోలోని మనవారు చేయవలసిన పనులు మూడు. ఇంటికి వచ్చే ఓటరు నమోదు కార్డును దాచి పెట్టక చదవండి; నియోజకవర్గాల సంఖ్యలు దాని మీదనే ఉంటాయి. ఇల్లు మారితే క్రొత్త చిరునామాతో నమోదు చేసుకోండి. ఎన్నికకు 30 దినాల ముందే ఆ గడువు ముగుస్తుంది. పటం మార్చే సమయంలో శాసనసభ జరిపే బహిరంగ విచారణలకు వెళ్ళి, మన వీధులు, మన బడులు ఎక్కడున్నవో చెప్పండి. గీత గీసేవారికి పటం మీద అంకెలు కనబడతాయి. ఆ అంకెల వెనుక ఉన్న మనుషులను మనమే చూపించాలి.