ఏడాది పొడుగునా బొమ్మల కొలువు

మన ఇండ్లలో అలంకారపు వస్తువులకు కొదువ లేదు. కొదువంతా వాటిని అమర్చే తీరులోనే ఉన్నది. మనవారి ఇంటికి ఎవరింటికి వెళ్ళినా ముందుగదిలో ఒక అద్దాల బీరువా కనిపిస్తుంది. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, దాని ప్రక్కన చన్నపట్నం గుర్రం, వెనుక తంజావూరు తలయూపు బొమ్మ ఉంటాయి. వాటి సందులలో అబ్బాయికి ఆటల పోటీలో వచ్చిన కప్పు, దగ్గుమందు సీసా, కరెంటు బిల్లు, తాళపుచెవుల గుత్తి! ఇన్ని ఉన్నా చూచేవారి కంటికి ఒక్కటీ ఆనదు. మిగిలిన బొమ్మలు పెట్టెలో అటకమీద పురుగుకు ఆహారమవుతూ ఉంటాయి.

ఇది కేవలం సింగారానికి సంబంధించిన మాట కాదు. మూడు నాలుగు తరాలుగా కన్నడసీమలోనో, తమిళసీమలోనో, ఒడిశాలోనో, మహారాష్ట్రలోనో స్థిరపడిన కుటుంబాలు మనవి. పిల్లలు బడిలో అక్కడి భాష నేర్చుకొంటున్నారు, నేర్చుకోవలసినదే. మనకు అన్నం పెట్టిన నేల భాష అది. కాని తెలుగుమాట ఇంటిలో వినిపించకపోతే పిల్లలకు మరెక్కడా వినిపించదు. మాట నోట రావాలంటే ఆ వస్తువు కంటి ఎదుట ఉండాలి. రోలు, రోకలి, తిరగలి, చేట, కావడి మన వంటిండ్లలో నుండి ఏనాడో వెళ్ళిపోయాయి. పల్లెటూరి జీవితాన్ని చూపే బొమ్మలలో మాత్రం ఇంకా నిలిచి ఉన్నాయి.

మా వీధిలో ఒక ఇంట ఈ మధ్య చూచాను. ఏడేండ్ల పిల్ల చేట పట్టుకొన్న బొమ్మను చూపి “మొర” అన్నది. అది కన్నడపు మాట. “అవునమ్మా, మొరే. మనం దాన్ని చేట అంటాము” అన్నారు అమ్మమ్మగారు. పిల్ల ఆ రెండు మాటలనూ కలిపి పాటలాగా అనుకొంటూ ఆడుకొన్నది. ఆ బొమ్మే అటకమీద ఉండి ఉంటే ఆ మాట ఆ పిల్ల చెవిని పడేదే కాదు.

అమర్చడానికి ముందు మన ఇంట ఉన్నవేమిటో తెలుసుకోవాలి. కొండపల్లి బొమ్మలు విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో తయారవుతాయి. ఆ కర్ర బహు తేలిక. కాళ్ళు, చేతులు, తొండము విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. పైన సున్నపు పూత వేసి రంగులు దిద్దుతారు. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్కను అదిమి పూస్తారు. ఆ రాపిడికి పుట్టిన వేడికి లక్క కరగి కర్రకు పట్టి నిగనిగలాడుతుంది. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ఏటికొప్పాక బొమ్మలతోనే సాగింది.

బెంగుళూరు నుండి మైసూరు పోయే దారిలో చన్నపట్నం తగులుతుంది. అక్కడివారు తమ లక్కబొమ్మలకు వాడే ‘ఆలె మర’ మన అంకుడు చెట్టే! చెట్టు ఒకటి, పని ఒకటి, పేర్లు రెండు. కనుక ఏటికొప్పాక భరిణెను, చన్నపట్నం గుర్రాన్ని ఒకే అరలో పెట్టండి. పుట్టింటివీ మెట్టినింటివీ ఒకచోట చేరినట్లుంటుంది. మైసూరు వైపు పెండ్లికూతురికి పుట్టింటివారు ఇచ్చే జంటబొమ్మలను ‘పట్టద గొంబె’ అంటారు. తమిళులు ‘మరపాచి’ అనే జంటను కొలువులో నిలుపుతారు. వీటిలో మేలైనవి రక్తచందనపు కర్రవి. ఆ చెట్టు పుట్టినిల్లు మన శేషాచలం, కడప అడవులు. కన్నడ కోడలో తమిళ కోడలో తన పుట్టింటి నుండి జంటబొమ్మలను తెస్తే వాటికి పెద్దపీట వేయడం మన మర్యాద.

ఇక అమర్చే పద్ధతి. దీనికి కొత్త విద్య అక్కరలేదు. మన బొమ్మల కొలువులోనే అంతా ఉన్నది. మూడో, అయిదో, ఏడో బేసిమెట్లు కట్టి తెల్లబట్ట పరుస్తాము. దేవుళ్ళు పైన, మనుషులు, సంతలు, పశువులు క్రింద. ఎత్తైనవి వెనుక, పొట్టివి ముందు. ఈ క్రమాన్నే బీరువాకూ పట్టించాలి.

మొదటిది, ఒక అరకు ఒక కథ. దశావతారాలు పదీ ఒకచోట, పెండ్లి ఊరేగింపు ఒకచోట, పల్లెపనులు ఒకచోట. రెండవది, బొమ్మకూ బొమ్మకూ నడుమ నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి. ఇరుకైతే కొన్ని తీసివేయండి గాని, క్రిక్కిరిసేటట్లు పెట్టకండి. మూడవది, అన్నీ ఒకే ఎత్తున వరుస కట్టకుండా, వెనుకవాటి క్రింద చిన్న చెక్కదిమ్మ ఉంచండి. నాలుగవది, వెనుక తెర. రంగుల బొమ్మలకు పూలగుడ్డ పనికిరాదు. సాదా పాతపంచె చాలు. నల్లని బీదరు పనిపాత్రల వెనుక లేతరంగు ఉంటేనే వాటి ఆకారం స్పష్టమవుతుంది. అయిదవది, కనీసం ఒక అర పిల్లల కంటి ఎత్తున ఉండాలి. అందులో గట్టివైన లక్కబొమ్మలుంచి, వారిని తాకనివ్వండి.

రెండుగదుల ఇంట బీరువాకు చోటు లేకపోతే గోడకు ఒక చెక్క చాలు. అయితే ఎండ సూటిగా పడేచోటు, వంటింటి పొగ తగిలేచోటు వద్దు. ఎండకు రంగు వెలుస్తుంది, పొగకు జిడ్డు పడుతుంది.

శుభ్రపరచడంలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమం. కొండపల్లి బొమ్మను తొండము పట్టుకొనో చెయ్యి పట్టుకొనో ఎత్తరాదు, అతుకు ఊడుతుంది. పీట పట్టి ఎత్తాలి. తడిగుడ్డ తగలనీయక మెత్తని కుంచెతో దులపాలి. లక్కవస్తువులకు పొడిగుడ్డ చాలు. ఇత్తడి దీపాలకు చింతపండు మంచిదే కాని, బీదరు పాత్రకు దానిని తగిలించకండి, నలుపు పాడవుతుంది. దానికి ఒక చుక్క కొబ్బరినూనె రాచి తుడవడమే సరైనది.

ఉన్నవన్నీ ఒకేసారి బయట పెట్టనక్కరలేదు. కోస్తా జిల్లాల నుండి వచ్చినవారు సంక్రాంతికి కొలువు పెడతారు. కన్నడ, తమిళ ప్రాంతాలలో అది దసరాకు. మనకు రెండు పండుగలూ ఉన్నాయి కదా! దసరాకు కొన్నింటిని దించి సంక్రాంతి దాకా అరలో ఉంచండి. సంక్రాంతికి వాటిని మార్చండి. లోపలికి వెళ్ళేవాటిని పాత నూలుబట్టలో చుట్టి ఎండిన వేపాకు వేయండి. ఏటా రెండుసార్లు పెట్టె తెరవడం వల్ల పురుగు సంగతి కూడా వెంటనే తెలుస్తుంది.

ఇక చివరి పని, అన్నిటికంటె ముఖ్యమైనది. ఇంటి పెద్దవారు గతించిన తరువాత ఈ బొమ్మలు ఎక్కడివో ఎవరికీ తెలియక పాతసామాను కొనేవాని తక్కెడ ఎక్కుతున్నాయి. కనుక ప్రతి బొమ్మ పీట అడుగున ఒక చిన్న చీటీ అంటించండి. బొమ్మ పేరు, ఏ ఊరిది, ఎవరు తెచ్చారు, ఏ సంవత్సరం – ఈ నాలుగు ముక్కలు చాలు. నానమ్మ, తాతయ్య చెబుతూ ఉంటే ఆ చీటీని పిల్లలచేత తెలుగు అక్షరాలలో వ్రాయించండి. అక్షరాలు వంకరగా వచ్చినా దిద్దకుండా అలాగే అంటించండి.