కెమేరా వెనుకటి తెర

నేటి బాలురు చేతిఫోనును ఎత్తిపట్టి, తెరపై బొమ్మను చూచి, వ్రేలితో తాకుదురు. మరుక్షణమున ఛాయాచిత్రము వారి కన్నుల యెదుట నిలుచును. ఇది ఎవరికిని వింతగా తోచదు. కాని ఛాయాచిత్రకళ పుట్టిన పిమ్మట నూటయేబది సంవత్సరములకు పైగా, చిత్రము తీసినవానికి సాధారణముగా ఈ భాగ్యము లేకుండెను.

కెమేరాకు తెర యుండుట మాత్రము క్రొత్త కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున ఛాయాచిత్రకారుడుగా నుండిన రాజా దీనదయాళు (1844–1905) కాలమున, పెద్ద కెమేరాల వెనుక గరుకు గాజుపలక యొకటి యుండెడిది. చిత్రకారుడు తలపై నల్లని గుడ్డ కప్పుకొని దానిని చూచెడివాడు. ఎదుటనున్నది కోటయైనను, కొలువుకూటమైనను, అందు తలక్రిందులుగా కనబడెడిది. అంతయు సరిచూచుకొనిన పిమ్మట కటకమును మూసి, ఆ తెర యున్న చోట మందు పూసిన పలకను నిలిపెడివాడు. అంతటితో బొమ్మ మరుగయ్యెడిది. కావున వెలుతురు పలకను తాకు క్షణమున అతని కన్నులు తెరపై గాక, ఎదుట కూర్చున్న మనుష్యులపైననే నిలిచెడివి.

పిదప ఫిల్ముచుట్టలు వచ్చెను. చుట్టకు సాధారణముగా 36 చిత్రములు. చుట్ట ముగిసి, దానిని కడిగించి, అచ్చులు వేయించుటకు కొన్ని దినములు పట్టెడిది. తలంబ్రాల చిత్రము చెడినదని తెలియునప్పటికి పెండ్లిపందిరి విప్పియుందురు!

1975లో అమెరికాలోని కొడాక్ సంస్థయందు స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు మొదటి డిజిటల్ కెమేరాను కూర్చెను. అది యొక చిత్రమును కేసెట్ టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు తీసికొనెను. దానిని చూచుటకు టెలివిజను కావలసివచ్చెను. 1995లో జపాను దేశపు కేసియో సంస్థ, వెనుక చిన్న తెర గల క్యూవీ-10 అను కెమేరాను సామాన్యులకై విపణికి తెచ్చెను.

ఈ తెర మంచి గురువు. సూర్యునికి వీపు త్రిప్పి నిలిచిన మిత్రుని ముఖము చిత్రములో నల్లబడినచో, బాలుడు అప్పుడే గ్రహించి అతనిని ప్రక్కకు జరుపును. పూర్వము ఈ పాఠమునకే ఒక చుట్ట ఖర్చయ్యెడిది.

అయినను గురువు కొన్నిమారులు మోసగించును. మండుటెండలో తెర వెలవెలబోవును. చీకటిలో అదే తెర మిక్కిలి మెరసి, మసకచిత్రమును గూడ కాంతివంతముగా చూపును. కొద్దిపాటి అదురు చిన్న తెరపై కనబడనే కనబడదు.

వీటికంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. చెరువుగట్టున లకుముకిపిట్ట కొమ్మపై వాలినది. బాలుడు చిత్రము తీసెను. వెంటనే తల వంచి, ఎట్లు వచ్చినదో యని తెరను చూచుకొనెను. ఆ రెండు మూడు సెకనులలో పిట్ట నీట మునిగి, ముక్కున చేపతో మరల కొమ్మకు చేరినది. బాలుని తెరపై నున్నది ఊరక కూర్చున్న పిట్ట మాత్రమే. చేప సంగతి ప్రక్కనున్న చెల్లెలు చెప్పవలసివచ్చెను! ఇట్లు మాటిమాటికి తెర చూచుకొను అలవాటునకు ఛాయాచిత్రకారులు ‘చింపింగ్’ అని పరిహాసనామ మొసగిరి. క్రొత్తవస్తువును చూచి ‘ఊ, ఊ’ యను చింపాంజీని బట్టి ఆ పేరు వచ్చినదందురు.

2016లో జర్మనీ దేశపు లైకా సంస్థ వెనుక తెరయే లేని డిజిటల్ కెమేరా నొకదానిని అమ్మకమునకు పెట్టెను. అంత వ్యయము అందరికి నక్కరలేదు. తీసిన చిత్రము తనంత తాను తెరపై వెలుగకుండ ఆపుకొను వీలు పెక్కు కెమేరాలలో కలదు. పిట్ట ఎగిరిపోయిన తరువాత, చెట్టునీడన కూర్చుండి, తీసినవన్నియు ఒక్కొక్కటిగా చూచుకొనవచ్చును.